కొత్త లేబర్ కోడ్‌లు, మా జీడి ఫ్యాక్టరీ, శ్రీకాకుళం కన్సల్టెంట్ మేడమ్: నా రివ్యూ

పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు తీసే చిన్న యూనిట్లు వందల్లో ఉన్నాయి. వాటిలో మాదొకటి. పిక్క ఉడికించడం, కటింగ్, బోర్మాలో (వేడి గదిలో) ఆరబెట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగ్, అన్నీ ఒకే ప్రాంగణంలో జరుగుతాయి. మామూలు రోజుల్లో పదిహేడు మంది పనిచేస్తారు. దసరా, దీపావళి ఆర్డర్లు మొదలైతే ఇరవై దాటుతారు. సూపర్‌వైజరు, బోర్మా చూసే అబ్బాయి, లెక్కలు రాసే కుర్రాడు తప్ప అందరూ ఆడవాళ్లే. బయటి పనులు మా ఆయన చూసుకుంటారు. పనివాళ్లు, కూలి లెక్కలు, బట్వాడా నావి.

2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు ఒక్కసారే అమల్లోకి వచ్చాయి. పాత కార్మిక చట్టాలు 29 వాటిలో కలిసిపోయాయి. ఆ వారమంతా మా ఫోన్లలో మెసేజ్‌లే మెసేజ్‌లు. వారానికి నాలుగు రోజులే పనట, చేతికొచ్చే జీతం తగ్గిపోతుందట, చిన్న ఫ్యాక్టరీలకు ఏదీ వర్తించదట, కాదు అన్నీ వర్తిస్తాయట. ఎవరికి తోచింది వాళ్లు పంపారు. ఆ టెన్షన్‌లోనే నేను శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఆఫీసు ఉన్న ఒక లేబర్ కన్సల్టెంట్ మేడమ్‌ని కలిశాను. అప్పటి నుంచి మా యూనిట్ పని ఆవిడే చూస్తున్నారు. ఈ రివ్యూ ఆవిడ సర్వీసు గురించే. ఇప్పుడున్న క్లయింట్లకే టైం చాలడం లేదు, పేరు మాత్రం రాయొద్దని ఆవిడే అడిగారు, అందుకే రాయడం లేదు. మంచి కన్సల్టెంట్ ఎలా ఉంటారో తెలిస్తే మీ ఊళ్లో మీరే వెతుక్కోగలరని ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. మొదట్లో కాగితాలన్నీ సరిచేసి, రిజిస్ట్రేషన్లు చేయించడానికి ఒకసారి 6,000 తీసుకున్నారు. తర్వాత నెలకు 3,000. యూనిట్‌కి వస్తే రానూపోనూ ఛార్జీలు మనవే. అంతకుముందు మాకు ఇంకొకాయన ఉండేవారు, ఆయన తీసుకునేది ఇందులో మూడో వంతు. ఆయన ఎప్పుడూ మా షెడ్డు ముఖం చూడలేదు. ఏడాది చివర రిజిస్టరు పంపేవారు, అందరి సంతకాలూ వేలిముద్రలూ పెట్టించి తిరిగి పంపమనేవారు. ఎవరికి ఎన్ని రోజుల పని రాశారో, ఎంత కూలి చూపించారో సంతకం పెట్టే మనిషికి తెలిసేది కాదు. నాకు అది మొదటి నుంచీ నచ్చలేదు.

ఈ మేడమ్ మొదటిసారి వచ్చినప్పుడు రిజిస్టర్లు అడగలేదు. నేరుగా కటింగ్ బల్లల దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. జీడి పిక్క పెంకులో ఉండే నూనె చేతికి అంటితే చర్మం కాలిపోతుంది. మావాళ్లు ఆముదమో, బూడిదో రాసుకుని కూర్చుంటారు. అయినా వేళ్ల చివర్లు నల్లబడి, పొరలు లేచిపోతుంటాయి. ఆవిడ ఒక్కొక్కరి చేతులూ పట్టుకుని చూశారు. "గ్లౌజులు ఎందుకు వేసుకోవడం లేదమ్మా?" అని అడిగారు. రబ్బరువి వేసుకుంటే కత్తి పట్టు దొరకదని, పని నెమ్మదిస్తే కిలోలు పడిపోతాయని, కూలి తగ్గుతుందని వాళ్లు చెప్పారు. ఆవిడ నా వైపు తిరిగి, "భద్రత కోసం పెట్టే ఖర్చు ఒక్క రూపాయి కూడా కూలిలో కోయకూడదు, అది కోడ్‌లోనే ఉంది. కానీ గ్లౌజు కొనిచ్చినంత మాత్రాన మీ పని అయిపోదు. ఏ రకమైతే వీళ్లకు పనికొస్తుందో వీళ్లతోనే చూపించి కొనండి" అన్నారు. రెండు మూడు రకాలు తెప్పించి చూశాం. పల్చటి నైట్రైల్ గ్లౌజు లోపల, వేళ్ల దగ్గర మాత్రం గుడ్డ చుట్టుకునే పద్ధతి మావాళ్లే కనిపెట్టారు. ఆఫీసులో కూర్చుని చట్టం చదివి చెప్పే మనిషి నుంచి ఈ మాట రాదు. ఈవిడ మీద నాకు గురి కుదిరింది అక్కడే.

ఆ రోజే ఇంకొకటి కూడా గమనించారు. కటింగ్‌వాళ్లలో కొందరు తెల్లవారుజామున ఐదింటికే వస్తారు. ఎండెక్కకముందే పని కొంత అయిపోతే ఇంటికెళ్లి వంట చేసుకోవచ్చని వాళ్ల ఆలోచన. ఉదయం ఆరుకి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఆడవాళ్లు పనిచేయాలంటే వాళ్ల ఒప్పుదల ఉండాలి, భద్రత మన పూచీ. అందుకని తెలుగులో చిన్న ఒప్పుదల కాగితం రాసిచ్చారు. గేటు దగ్గర లైటు వేయించమన్నారు, ఊరి చివర్నుంచి నడిచి వచ్చే ముగ్గురికి ఆటో కుదర్చమన్నారు. ఆటో ఖర్చు మాదే. వాళ్లలో ఒకావిడ ఒప్పుదల ఇవ్వనంది. ఆవిడ ఆరు తర్వాతే వస్తోంది, దానికి మేం ఏమీ అనలేదు.

మాకు ఏది వర్తించదో తేల్చి చెప్పడం ఈ సర్వీసులో నాకు బాగా పనికొచ్చిన భాగం. స్టాండింగ్ ఆర్డర్లు, అంటే పని నిబంధనలు రాసి పెట్టే పత్రం, ఇప్పుడు 300 మంది కార్మికులు ఉన్నచోటే, కాబట్టి మాకు లేవు. క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే గది) 50 మంది ఉంటే. నాలుగు రోజుల వారం తప్పనిసరి కాదు, వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంది, దాటితే రెట్టింపు కూలి. ఫ్యాక్టరీ నిర్వచనం కూడా మారింది. కరెంటుతో నడిచే చోట పాత లెక్క 10 మంది, ఇప్పుడు 20. ఇవన్నీ ఒకే కాగితం మీద, మాకు వర్తించేవి ఒక పక్క, వర్తించనివి ఒక పక్క రాసిచ్చారు. ఆ కాగితం మా గల్లా పెట్టె పైన అంటించి ఉంది. వర్తించే పక్క ఉన్నవి మాత్రం వాయిదా వేయడానికి ఒప్పుకోరు.

వాటిలో పెద్దది కిలో కూలి. పొట్టు తీసేవాళ్లకు మా దగ్గర కిలో లెక్కనే ఇస్తాం, పలాస అంతా అంతే. చెయ్యి తిరిగినవాళ్లు బాగానే సంపాదిస్తారు. కొత్తగా చేరిన పిల్ల, కళ్లు సరిగా ఆనని పెద్దావిడ వెనకబడతారు. మేడమ్ చెప్పిందేమిటంటే, కిలో లెక్క పెట్టుకోవడంలో తప్పు లేదు, కానీ రోజంతా కూర్చుని పనిచేసిన మనిషికి ఆ రోజు కనీస వేతనం కన్నా తక్కువ రాకూడదు. తక్కువైతే ఆ తేడా మనం వేయాలి. పైగా పని లేకపోవడం మన వైపు నుంచి వస్తే, అంటే కరెంటు పోయో, వైజాగ్ పోర్టు నుంచి రావలసిన ఆఫ్రికా పిక్క లారీ ఆగిపోయో సగం రోజుకే ఇంటికి పంపిస్తే, ఆ రోజు కూలి పూర్తిగా ఇవ్వాలి. పని చేయనని తనంతట తనే వెళ్లిపోతే సంగతి వేరు. కనీస వేతనంలో డీఏ (కరువు భత్యం) భాగం మన రాష్ట్రంలో ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి మారుతుంది కాబట్టి ఏడాదికి రెండుసార్లు ఈ లెక్క మళ్లీ చూసుకోవాలి.

దీని మీద మా ఇంట్లో వాదన జరిగింది. తోటి యూనిట్లవాళ్లు ఎవరూ అలా వేయడం లేదు, మనం ఒక్కళ్లమే వేస్తే సరుకు ధర ఎలా నిలబడుతుందని మా ఆయన. ఆయన చెప్పిందీ నిజమే. డబ్ల్యూ 320 గ్రేడు జీడిపప్పు రేటు పది రూపాయలు అటూ ఇటూ అయితే మా నెల తల్లకిందులవుతుంది. మేడమ్ ఆ వాదన మధ్యలో మాకు ధర్మాలు చెప్పలేదు. గడిచిన మూడు నెలల కిలోల పుస్తకం తీసుకుని, ఎవరికి ఎన్ని రోజులు తేడా వస్తుందో మనిషి మనిషికీ లెక్క కట్టి చూపించారు. తేడా వచ్చేది నలుగురికే. ఆ మొత్తం మేం భయపడినంత లేదు. ఆ నలుగురిలో ఇద్దరిని గ్రేడింగ్‌కి మారిస్తే ఇంకా తగ్గుతుందని కూడా ఆవిడే సూచించారు. తక్కువ కూలి ఇచ్చినట్టు తేలితే 50,000 దాకా జరిమానా, ఐదేళ్లలో మళ్లీ అదే జరిగితే మూడు నెలల జైలు లేదా లక్ష దాకా జరిమానా, లేదంటే రెండూ అని చివర్న చెప్పారు. ఆ మాట ముందే చెప్పి బెదిరించలేదు.

ఇక ఇరవై లెక్క. పీఎఫ్ 20 మంది ఉన్నచోట వర్తిస్తుంది, తర్వాత సంఖ్య తగ్గినా పోదు. అందుకే మా పలాసలో చాలా యూనిట్లవాళ్లు పందొమ్మిది దగ్గర ఆగుతారు, సీజన్‌లో వచ్చినవాళ్లను పుస్తకంలో రాయరు. పాత కన్సల్టెంట్ ఇచ్చిన సలహా ఏమిటంటే, షెడ్డు మధ్యలో గోడ కట్టి సగం నా పేరున, సగం మా ఆయన పేరున పెట్టమని. ఈ మేడమ్‌తో ఆ సంగతి ఎత్తితే, "ఆ పని నేను చేయను, మీరు చేస్తే నేను మానేస్తాను" అన్నారు. అంత ముఖం మీద చెప్పేసరికి మా ఆయనకి కొంచెం కష్టంగా అనిపించింది. నాకు మాత్రం ధైర్యం వచ్చింది.

లెక్క ఇదీ. పోల్చుకోవడానికి నెలకు 13,000 కూలి అనుకోండి. పీఎఫ్‌కి పనివాళ్ల వాటా 12 శాతం, అంటే 1,560. మన వాటా కూడా అంతే, అందులో 8.33 శాతం పెన్షన్‌కి పోతుంది. దాని మీద ఇన్సూరెన్స్‌కి అర శాతం, నిర్వహణకి అర శాతం కలిపితే మనకు మనిషికి 1,690 పడుతుంది. ఈఎస్‌ఐకి (కార్మికుల వైద్య బీమాకి) వాళ్ల వాటా 0.75 శాతం, మనది 3.25 శాతం. అంటే వాళ్లకి 98, మనకి 423. పీఎఫ్‌లో ఉన్న మనిషి పనిలో ఉండగా చనిపోతే కుటుంబానికి ఇన్సూరెన్స్ 7 లక్షల దాకా వస్తుందని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానం తోటలు నేలమట్టమైపోయి, మా దగ్గర పనిచేసే ఇళ్లలో చేతిలో రూపాయి లేక ఎలా ఉన్నారో నేను చూశాను. ఆరోజు వాళ్ల పేరు మీద ఏ దాచుకున్న డబ్బూ లేదు. అది తలుచుకునే పీఎఫ్‌కి సరే అన్నాను.

ఈఎస్‌ఐ అయితే పది మంది ఉంటే చాలు, వస్తుంది. ఇదివరకు నోటిఫై చేసిన ప్రాంతాలకే అనేవారు, కొత్త కోడ్‌తో దేశమంతా వర్తిస్తోంది. జబ్బు చేసి సెలవు పెడితే ఏడాదికి 91 రోజుల దాకా 70 శాతం కూలి వస్తుంది, కాన్పుకి 26 వారాల దాకా పూర్తి కూలి వస్తుంది. పెద్ద వైద్యానికి విశాఖ మల్కాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రి దాకా వెళ్లాల్సి రావడం మావాళ్లకు దూరమే, అది ఆవిడ దాచలేదు.

అసలు పనంతా పేర్ల దగ్గర పడింది. ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు వేరు, పుట్టిన తేదీ దగ్గర సంవత్సరం ఒక్కటే. కొత్త యూఏఎన్ (పీఎఫ్ నంబరు) తీయాలంటే ప్రభుత్వ ఉమాంగ్ యాప్‌లో ముఖం చూపించి ధ్రువీకరించాలి. మేడమ్ ఆఫీసు నుంచి ఒక అమ్మాయి ఫోన్ పట్టుకుని వచ్చి, మా ప్రాంగణంలో వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని, ఒక్కొక్కరిని కూర్చోబెట్టి చేసింది. కళ్లు మూసి తెరవమంటే నవ్వాపుకోలేక మళ్లీ మళ్లీ చేయాల్సి వచ్చినవాళ్లు ఉన్నారు. ఎవరి మీదా విసుక్కోలేదు ఆ అమ్మాయి. 2025 ఆగస్టు 1 నుంచి కొత్తగా పనిలో చేరి మొదటిసారి పీఎఫ్‌లోకి వచ్చేవాళ్లకు కేంద్రం పథకం కింద ఒక నెల కూలి, 15,000 మించకుండా, రెండు విడతల్లో ఇస్తున్నారని కూడా వాళ్లకు అక్కడే చెప్పింది. 2027 జూలై దాకా చేరినవాళ్లకు అది ఉంటుంది.

అపాయింట్‌మెంట్ లెటర్ ఇప్పుడు అందరికీ ఇవ్వాలి. మేడమ్ ఇంగ్లీషు నమూనా ఒకటి తెస్తే, తెలుగులో కావాలన్నాను. వారంలో తెచ్చారు, ఒకటే పేజీ, పని పేరు, కిలో రేటు, కనీస రోజు కూలి, బట్వాడా రోజు, సెలవులు అన్నీ చదివితే అర్థమయ్యేలా ఉన్నాయి. వారం కూలి చీటీ కూడా అలాగే చేశారు, ఎన్ని కిలోలు, ఎంత వచ్చింది, కనీసానికి తేడా ఎంత కలిపాం, పండగ అడ్వాన్సు ఎంత పట్టాం. కోతలన్నీ కలిపి కూలిలో సగానికి మించకూడదన్న నియమం వల్ల సంక్రాంతి అడ్వాన్సు తీర్చే వారాలు పెరిగాయి. మావాళ్లకు అది మేలే.

మా దగ్గర అందరూ అప్ప అని పిలిచే పెద్దావిడ ఉండేది. మా అత్తగారి రోజుల నుంచీ మా దగ్గరే, రాతలో ఉన్నది మాత్రం పద్నాలుగేళ్లు. కళ్లు కనబడక మానేస్తానంది. ఇదివరకైతే ఒక చీర, కొంత డబ్బు చేతిలో పెట్టి పంపేవాళ్లం, అందరూ చేసేది అదే. మేడమ్‌కి ఫోన్ చేస్తే, మిగిలిన కూలి అంతా రెండు పనిదినాల్లో ఇచ్చేయాలన్నారు, వచ్చే బట్వాడా దాకా ఆగకూడదు. గ్రాట్యుటీ, అంటే పనిచేసిన ఏళ్లను బట్టి ఇచ్చే మొత్తం, 30 రోజుల్లో. లెక్క చెప్పారు. చివరి మూడు నెలల సగటుతో రోజు కూలి తేల్చి, దాన్ని 15తో, ఏళ్లతో హెచ్చించాలి. రోజుకు 500 పడితే ఏడాదికి 7,500, పద్నాలుగేళ్లకి 1,05,000. ఆ డబ్బు ఒకేసారి తీయడం మాకు కష్టమే అయింది, కానీ ఇచ్చాం. అప్ప ఆ చెక్కు పట్టుకుని, "ఇది నాకెందుకమ్మా ఇస్తున్నారు?" అంది. నీ పద్నాలుగేళ్ల పనికి చట్టం ప్రకారం నీకు రావలసిందే అప్పా అని చెప్పాను. చూస్తున్న మిగతావాళ్లలో ఇద్దరు ఆ రోజు సాయంత్రమే తాము ఎప్పుడు చేరామో రిజిస్టరులో చూపించమని వచ్చారు. చూపించాను. ఇప్పుడు ప్రతి నెలా గ్రాట్యుటీ కోసం విడిగా బ్యాంకులో కొంత వేస్తున్నాం, అది కూడా మేడమ్ పెట్టించిన అలవాటే.

జీతంలో సగం నియమం మాకు సూపర్‌వైజరు దగ్గరే తగిలింది. మొత్తం 15,000లో బేసిక్ 6,000, మిగతా అంతా అలవెన్సులు అని రాసి ఉండేది. అలవెన్సులు సగం దాటితే దాటినంత జీతంలో కలుస్తుంది కాబట్టి ఇప్పుడు పీఎఫ్, గ్రాట్యుటీ లెక్కకి జీతం 7,500 అయింది. లెక్కలు రాసే కుర్రాడిని ఏడాది కాంట్రాక్టు మీద పెట్టుకున్నాం, ఏడాది పూర్తయితే అతనికీ గ్రాట్యుటీ వస్తుంది. లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ పది మంది ఉంటే తప్పనిసరి అని 2013 చట్టంలోనే ఉంది, దాన్ని కూడా మేడమే వేయించి గోడకు నోటీసు పెట్టించారు. బయటి సభ్యురాలిని వెతకడానికే చాలా తిరగాల్సి వచ్చింది.

లోపాలు కూడా చెప్పాలి. నెలలో పదో తారీకు నుంచి పదిహేను దాకా, అంటే పీఎఫ్, ఈఎస్‌ఐ కట్టే గడువులో, వాట్సాప్‌లో ఏమడిగినా జవాబు రాదు. ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. పనివాళ్లలో ఎవరికైనా ఒంట్లో బాగోక ఈఎస్‌ఐ కాగితం అర్జెంటుగా కావలసి వస్తే ఆ రెండు రోజులు చాలా కష్టం. చలాన్లు, రిటర్న్‌లు అన్నీ ఇంగ్లీషులోనే పంపుతారు, వాటికి తెలుగులో రెండు లైన్లు రాస్తే మా లాంటి వాళ్లకి ఎంతో తేలిక. ఐదుగురో ఆరుగురో పనిచేసే కిరాణా షాపుకో, టిఫిన్ సెంటరుకో నెలకు 3,000 బరువే. వాళ్లకి ఒకసారి కూర్చుని చెప్పించుకుని, ఏడాదికి రెండుసార్లు చూపించుకునే ఏర్పాటు ఉండాలని నేను ఆవిడతో అన్నాను. ఇంకా మొదలుపెట్టలేదు.

మీరు ఎవరినైనా పెట్టుకునే ముందు ఒకటి అడిగి చూడండి. మా పనిచోటికి వచ్చి చూస్తారా అని. రానవసరం లేదు, డేటా పంపండి చాలు అంటే ఇంకొకరిని వెతుక్కోండి. రెండోది, పనివాళ్లు నేరుగా ఫోన్ చేస్తే మాట్లాడతారా అని. మా మేడమ్ మాట్లాడతారు. నా పనివాళ్లకు తెలియనిది నాకు మాత్రమే చెప్పడం ఆవిడ పద్ధతి కాదు, నాకు అదే కావాలి.

వచ్చే ఏడాదికి కూడా మాట్లాడుకున్నాం, ఫీజు అదే. నేను ఒక షరతు పెట్టాను. ఏప్రిల్‌లో, అక్టోబరులో డీఏ మారిన వారంలోనే కొత్త రోజు కూలి ఎంతో పెద్ద అక్షరాలతో తెలుగులో అచ్చు వేసిచ్చేయాలి, కటింగ్ బల్లల ఎదురుగా గోడకు అంటిస్తాం. సరే అన్నారు, దానికి విడిగా డబ్బు అడగలేదు.